కిటికీకి వేలాడిన తాళంచెవి

నిశ్చయంగా చెప్పగలిగినవి ముందు చెబుతాను. మేము జర్మనీలో, స్టుట్‌గార్ట్ నగరం దగ్గరి జిండెల్ఫింగెన్ పక్కన, కార్ల ఫ్యాక్టరీకి బస్సులో వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. మా కింది ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. మహమ్మారి వచ్చిన మొదటి వసంతంలో బళ్ళు మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. మమ్మల్ని చూసిపోదామని చలికాలంలో వచ్చిన మా బాపమ్మ, అంటే నాన్నగారి అమ్మ, తిరిగి వెళ్ళే దారిలేక మా దగ్గరే ఉండిపోయింది. కింది ముసలావిడ ఉక్రెయిన్ దక్షిణాన, నల్లసముద్రానికి ఎగువనున్న గడ్డిమైదానంలో, ఒకే ఒక్క వీధి ఉన్న చిన్న ఊళ్ళో పుట్టింది. ఆ ఊరిని కట్టినవాళ్ళు ఈ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల పల్లెల నుంచి, కొన్ని తరాల కిందట, డాన్యూబ్ నది మీద పడవల్లో తూర్పుకు వలసపోయిన రైతులు. ఇంతవరకు నేను పెద్దయ్యాక సరిచూసుకున్నాను.

తక్కినది వినికిడి. ఊళ్ళో తవ్విన మొదటి బావిలో ఉప్పునీళ్ళు పడ్డాయన్నది వినికిడి. ఆకలి సంవత్సరంలో పిల్లలు కలుగుల్లో నీళ్ళు పోసి గడ్డి ఉడుతలను పట్టి తిన్నారన్నది, ఆ ప్రాంతపు చరిత్రలో చాలాచోట్ల కనిపించినా, ఈ ఊరికి సంబంధించినంత వరకు వినికిడే. ఆ ఊరి దుకాణంలో కిరసనాయిలు, ఉప్పుచేప, దాల్చినచెక్క వాసనలు కలిసి ఉండేవన్నదానికి సాక్షి ఒక్కతే, ఆవిడ. ఆవిడ మాటలను బాపమ్మకు తెలుగులో చెప్పింది నేను. నేనప్పుడు చిన్నపిల్లను, సంగతి చప్పగా ఉందనిపిస్తే కొంచెం కారం కలిపేదాన్ని. ఈ లోపాన్ని పాఠకులు లెక్కలోకి తీసుకోవాలి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా ప్రయోగశాలలో ఒక విద్యార్థి గంధకపు సమ్మేళనం ఉన్న సీసా మూత సరిగ్గా బిగించలేదు. గదంతా ఇంగువ వాసన నిండిపోయింది. రసాయనశాస్త్రం తెలిసినవాళ్ళకు ఇందులో వింత లేదు, ఇంగువ ఘాటుకు మూలం ఆ జాతి పదార్థాలే. అందరూ కిటికీలు తెరుస్తున్నారు. నేను మాత్రం కింది నుంచి గొట్టం మీద గరిటె చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందా అని ఎదురుచూస్తూ నిలబడిపోయాను.

ఆ చప్పుడు సంగతి ఇది. బాపమ్మ మధ్యాహ్నం చారులో ఇంగువ పోపు వేసేది. ఆ వాసన కిటికీలోంచి కిందికి దిగేది. మరుక్షణం ముసలావిడ తన వంటగదిలోని హీటర్ గొట్టాన్ని గరిటెతో వాయించేది. అది భవనమంతా మోగేది. తర్వాత పెరటి అరుగు మీదికి వచ్చి, తల పైకెత్తి అరిచేది.

"మళ్ళీ దయ్యం పేడ కాలుస్తున్నారా!"

జర్మన్ భాషలో ఇంగువ పేరే అది. నేను బాల్కనీలోంచి వంగి విని, లోపలికి తిరిగి తెలుగులో చెప్పేదాన్ని. బాపమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చేది.

"ఔనా? గామె ఊళ్ళ ఇండ్లల్ల పేడతోని పొయ్యి ముట్టిస్తరని మొన్ననే చెప్పె కదా. నా ఇంగువకే ముక్కు మూసుకుంటదా? అడుగు బిడ్డా!"

అడిగితే, ఓమా నడుము మీద చేయి వేసుకుని నవ్వేది. జర్మన్‌లో ఓమా అంటే అవ్వ. ఆమెను మా ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్ళం.

"మా పేడ గుర్రాలతో తొక్కించిన పేడ. గడ్డి కలిపి, ఇటుకల్లా కోసి, వేసవంతా ఎండబెట్టిన పేడ. దానిమీద కాల్చిన రొట్టె రుచి మీ అవ్వకేం తెలుసు?"

"పిడకలు చేసుడు నాకు చెప్తదా ఈమె!" అని బాపమ్మ సంతోషంగా మండిపడేది.

అలా వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఒక్కసారి కూడా ముట్టుకోకుండా, ఒకరి భాష ఒకరికి రాకుండా స్నేహితులయ్యారు. ఓమా తన ఊరిని మాకు పైకి విసిరినట్టు, కొంచెం కొంచెంగా చెప్పేది. మట్టిలో గడ్డి కలిపి పోసిన ఇటుకల ఇళ్ళు. శనివారం నాడు నేలను మట్టితో, పేడతో అలికేవారట. పుచ్చకాయల రసాన్ని పెద్ద కాగుల్లో నల్లబడేదాకా కాచేవారట, ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేదట. బాపమ్మకు అది బెల్లం వండే వాసనలా అనిపించి తల ఊపింది. కానీ చిన్న పుచ్చకాయలను పీపాల్లో ఉప్పునీళ్ళు పోసి ఊరేస్తారని నేను చెప్పినప్పుడు మాత్రం నమ్మలేదు.

"పుచ్చకాయతోని తొక్కు వెడ్తరా? నువ్వే కల్పించి చెప్తున్నవ్."

ఆ ఒక్కటి నేను కల్పించలేదు.

ఊరి ఆచారం ఒకటి ఓమా చాలాసార్లు చెప్పింది. దాన్ని జాగ్రత్తగా రాస్తాను, ఎందుకంటే తర్వాతదంతా దానిమీదే ఆధారపడి ఉంది. ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు, సంతకైనా, ఆసుపత్రికైనా, ఇంటి తాళంచెవిని పొరుగింటివాళ్ళ చేతికి ఇచ్చేవారు. తీసుకున్నవాళ్ళు దాన్ని వీధివైపు కిటికీలో మేకుకు తగిలించాలి. యజమాని తిరిగి వస్తూ, బండి దిగకముందే, తన తాళంచెవి అక్కడ ఉందని చూసుకోవాలి. "పెట్టెలో పెట్టకూడదు," అనేది ఓమా. "కనిపిస్తే అది కాపలా. కనిపించకపోతే దొంగతనం."

ఆమె వంటగది కిటికీలో ఒక మేకుకు, తుప్పు పట్టిన పొడవాటి ఇనుప తాళంచెవి వేలాడేది. అదెవరిదని అడిగాను.

"దుకాణం వాళ్ళది," అంది. "ఒక పొద్దున ఆ దుకాణం ఆవిడ మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి, మా అమ్మ చేతిలో పెట్టి, మేం వచ్చేదాకా చూస్తూ ఉండమంది. తర్వాత వాళ్ళను బండి ఎక్కించారు. ఎదురు చూస్తున్నాం."

'చూశాం' అనలేదు, 'చూస్తున్నాం' అంది. ఆ తర్వాత యుద్ధం ఓమా కుటుంబాన్ని కూడా గుర్రబ్బండిలో పడమరకు, అక్కడి నుంచి రైల్లో తూర్పున కజకిస్తాన్‌కు తోసింది. పెద్ద వయసులో ఆమె జర్మనీ చేరింది. అక్కడ ఆమెను జర్మన్ అన్నారు, ఇక్కడ రష్యన్ అన్నారు. తాళంచెవి మాత్రం వెంటే ఉంది.

ఒక రోజు గరిటె చప్పుడు వినిపించలేదు.

బాపమ్మ చారు దించి, చెవులు రిక్కించి నిలబడింది.

"ఇయ్యాల ముసలామె తిట్టలేదేందే?"

"నిద్రపోతుందేమో," అన్నాను.

బాపమ్మ మళ్ళీ మూకుడు పెట్టి, నూనెలో ఇంకో చిటికెడు ఇంగువ వేసింది. అమ్మ దగ్గుతూ కిటికీ బార్లా తెరిచింది. కింద చడీచప్పుడూ లేదు. నేను బాల్కనీలోకి వెళ్ళి పిలిచాను. ఓమా అరుగు మీద కుర్చీలోనే ఉంది, మా కిటికీకి సరిగ్గా కింద, శాలువా కప్పుకుని.

"ఏం పిల్లా," అంది. "ఇవాళ మీ అవ్వ వంట చేయలేదా?"

ఆ మాట తెలుగులో చెప్పేసరికి అమ్మ పొయ్యి ఆపి నాన్నవైపు చూసింది. ఆ రోజుల్లో వాసన పోవడమంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. నాన్న ప్రతి ఉదయం మా ముక్కుల కింద కాఫీపొడి డబ్బా పెట్టి పరీక్షించేవారు. శాస్త్రీయంగా అది గట్టి పరీక్ష కాదు, వాసన పోని రోగులు ఎందరో ఉన్నారు. కానీ ఓమా విషయంలో ఫలితం తప్పు కాదేమోనని నాకప్పుడే భయం వేసింది.

నాన్న బాల్కనీలోంచి జర్మన్‌లో నెమ్మదిగా చెప్పారు. పరీక్ష చేయించాలి, డాక్టరుకు ఫోన్ చేస్తానన్నారు. ఓమా లేచి నిలబడింది. ఆమె ముఖంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరికీ ఫోన్ చేయకు. నేను బాగానే ఉన్నాను. బండి పంపించావంటే తలుపు తీయను."

లోపలికి వెళ్ళి అరుగు తలుపు వేసుకుంది. తెర కూడా లాగేసింది.

మరుసటి రోజు నేల కింది నుంచి దగ్గు వినిపించసాగింది. పొడి దగ్గు, ఆగి ఆగి. బాపమ్మ కూర కోస్తూ కోస్తూ కత్తిపీట పక్కన పెట్టి వినేది. అమ్మ మెట్ల మీద గిన్నెలో అన్నం పెట్టి, తలుపు తట్టి, పైకి వచ్చేసింది. సాయంత్రానికి గిన్నె అక్కడే ఉంది.

నాన్న ఫోన్ చేతిలో పట్టుకుని హాల్లో తిరిగారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ప్రత్యేక విమానాల కోసం బాపమ్మ పేరు నమోదు చేసి ఉంచారు. పిలుపు ఎప్పుడైనా రావచ్చు. భవనంలో రోగి ఉందని తేలి, మమ్మల్ని కూడా ఇంట్లో కట్టడి చేస్తే ఆ అవకాశం పోతుంది. బాపమ్మ వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే ఆఫీసులో అపాయింట్‌మెంట్, దొరకలేదు, ఆమె ఇన్సూరెన్స్ గడువు దగ్గరపడింది.

"ఏం సోచాయిస్తున్నవ్‌రా?" అంది బాపమ్మ.

"నీ ఫ్లైట్ గురించే, అవ్వా. ఇది మిస్సయితే మల్ల ఎప్పుడో తెల్వదు," అన్నారు నాన్న. తల్లిని ఆయన అవ్వా అనే పిలిచేవారు.

"విమానం ఇయ్యాల గాకపోతే రేపు లేస్తది. గామె రేపటిదాంక లేస్తదో లేదో. ఫోన్ చెయ్."

నాన్న చేశారు. లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. ఆ సంగీతం, యంత్రం చెప్పే క్షమాపణ, మళ్ళీ సంగీతం. కింద దగ్గు.

అంబులెన్సువాళ్ళు మరుసటి ఉదయం వచ్చారు. తెల్లటి సూట్లు, ముఖాలకు అద్దాలు. ఒకరు తలుపు తట్టారు, ఇంకొకరు పేరు పెట్టి పిలిచారు. లోపలి నుంచి జవాబు లేదు. తాళం పగలగొట్టాల్సి వస్తుందని వాళ్ళు మాట్లాడుకుంటుంటే, బాపమ్మ చెంగు ముక్కుకు చుట్టుకుని మెట్లు దిగింది. ఆమె వెనక నేను. "మీరు పైనే ఉండండి!" అని సూటు మనిషి అరిచాడు. మేము మెట్ల మలుపులో ఆగాం. అక్కడి నుంచి తలుపు కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది.

"ఓమా, నేను, పై ఇంటి పిల్లను," అన్నాను.

"వాళ్ళు వెళ్ళారా?"

"లేదు. నీకు ఊపిరి ఆడటానికి వచ్చారు."

తలుపు వెనక ఆమె నేలమీద కూర్చున్నట్టుంది, మాట కింది నుంచి వస్తోంది. ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా మాట్లాడింది. అప్పుడే రెండో కథ బయటికి వచ్చింది.

"ఎక్కించుకుపోయినవాళ్ళు తిరిగి రారు పిల్లా. దుకాణం వాళ్ళు పోయాక మా అమ్మ ఆ ఇంట్లోకి వెళ్ళింది. నేను ఆమె గౌను పట్టుకుని వెళ్ళాను. తాళంచెవి తలుపుకే ఉంది. అమ్మ తీసుకుంది. దాల్చినచెక్క డబ్బా కూడా తీసుకుంది. కిటికీలో తగిలించలేదు. గోధుమల గంపలో దాచింది. నేను పోతే నా ఇంట్లోకి ఎవరు వస్తారు? ఏం తీసుకుంటారు?"

బాపమ్మ నా భుజం నొక్కింది. "ఏమంటున్నది?"

ఈసారి నేనేమీ కలపలేదు. విన్నది విన్నట్టు చెప్పాను. బాపమ్మ మెట్ల మలుపులోంచే, తనకు రాని భాషలో ఉన్న తలుపుతో, తెలుగులో గట్టిగా మాట్లాడింది.

"ఓ అవ్వా! నీ తాళంచెవి నాకియ్యి. నీ కిటికిల గాదు, నా కిటికికి కడ్త, సడక్ మీదికెల్లి కనవడేటట్టు. నువ్వు దవఖానకెల్లి వచ్చి నన్నడుగు, నీ చేతుల వెడ్త. ఇంకెవ్వలడిగినా ఇయ్య. చెప్పు బిడ్డా, ఒక్క మాట పోకుండ చెప్పు."

చెప్పాను. లోపల దగ్గు. గొలుసు జారిన చప్పుడు. తలుపు తెరుచుకుంది.

ఓమా గోడ పట్టుకుని నిలబడి ఉంది. సూటు మనుషులు పట్టుకోబోతుంటే చేయి అడ్డంపెట్టి, తన ఇంటి తాళంచెవిని గుమ్మం ముందున్న కాళ్ళపట్టా మీద పడేసింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టేదాకా దాన్నే చూస్తూ ఉంది. బాపమ్మ కిందికి వెళ్ళి, చెంగుతో దాన్ని ఎత్తి, ఆమెకు కనిపించేలా పైకి పట్టుకుంది.

పైకి వచ్చాక నాన్న ఒకటే అరుపు. "అవ్వా, ముట్టుకున్నవా! చెప్తె వినవా!" బాపమ్మ తాళంచెవిని సలసల కాగే నీళ్ళలో వేసి, సబ్బుతో కడిగి, అది చాలదన్నట్టు చింతపండుతో తోమింది. వైరస్‌ను చంపింది వేడినీళ్ళు, సబ్బే కావచ్చు; చింతపండు పాత్ర నిరూపితం కాదు. తన ఆకుపచ్చ నూలు చీర అంచులోంచి ఒక పేలిక చింపి, తాళంచెవికి కట్టి, వీధివైపు కిటికీ పిడికి వేలాడదీసింది.

మమ్మల్ని ఇంట్లోనే ఉండమన్నారు. ఉన్నాం. ఆసుపత్రికి నాన్న ఎన్నిసార్లు ఫోన్ చేసినా, బంధువులకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేమన్నారు. ఆమెకు ఇక్కడ బంధువులున్నట్టు మాకెవరికీ తెలియదు. బాపమ్మ ఇంగువ వేయడం మానేసింది. ఎందుకని అమ్మ అడిగితే, "తిట్టేటామె లేకుంటే చారు ఎట్లున్నదో ఎట్ల తెలుస్తది?" అంది.

ఒక మధ్యాహ్నం భవనం చూసుకునే మనిషి మెట్లెక్కి వచ్చాడు. వీధిలోంచి తాళంచెవి చూశాడట. ఆమె తిరిగి రాకపోవచ్చని, ఇల్లు ఖాళీ చేయించాల్సి ఉంటుందని, తాళంచెవి తనకు ఇచ్చేయమని మర్యాదగానే అడిగాడు. తెలుగులో చెప్పగానే బాపమ్మ కిటికీకి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"గామె వచ్చి అడిగితే ఇస్త. ఈయనకు ఇచ్చుడు లేదు."

"చట్టప్రకారం..." అన్నాడతను.

"అవ్వా, ఆయన అడిగేది కరెక్టే," అన్నారు నాన్న.

"కరెక్టే ఉండనీ. నేను మాటిచ్చిన."

అతను ఆ ముసలి ముఖాన్ని చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. అతనిది తప్పు కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, మెట్ల మీద నుంచి చూసినవాళ్ళకు మా ఇల్లు ఎలా కనిపించి ఉంటుందో తెలుస్తుంది: ఒక ముసలామెను బండిలో ఎక్కించుకుపోయారు, పొరుగువాళ్ళు తాళంచెవి దగ్గర పెట్టుకుని ఇవ్వబోమంటున్నారు.

విమానం పిలుపు వేసవి మొదట్లో వచ్చింది. బాపమ్మ మొదట వెళ్ళనంది. చేతికి ఇస్తానని చెప్పి, ఇవ్వకుండా ఎట్లా పోవడమని రెండు పూటలు అన్నం తినలేదు. చివరికి, నాన్న టికెట్టు కాగితాలు పట్టుకుని ఆమె ముందు కూర్చుంటే, లేచి పెట్టె సర్దుకుంది. వెళ్ళేముందు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"నేను పోయినంక గూడ ఇది ఈడనే ఉండాలె. నీ చేతులకెల్లి ఆమె చేతులకే. మీ నాయిన గూడ తియ్యొద్దు."

తర్వాత కారు మలుపు తిరిగేదాకా కిటికీకేసి చూస్తూ కూర్చుంది. నన్ను చూసిందో తాళంచెవిని చూసిందో చెప్పలేను.

ఓమా తిరిగి వచ్చింది. ఎండ బాగా ఉన్న ఒక మధ్యాహ్నం, రోగులను తెచ్చే బండి ఒకటి ఆగింది. దాని అద్దంలోంచి ఒక ముఖం పైకి చూసింది, సగమైపోయిన ముఖం. బండి తలుపు తెరవకముందే ఆమె మా కిటికీ చూసింది. నేను పేలికతో సహా తాళంచెవిని తీసుకుని, మాస్కు పెట్టుకుని, చెప్పులు లేకుండానే పరుగెత్తాను.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ అవ్వ ఏదీ?"

"వెళ్ళిపోయింది. నీ చేతిలోనే పెట్టమంది."

"ఏం వండుతున్నారు మీ ఇంట్లో?"

అమ్మ అప్పుడే పోపు వేసింది. మెట్ల నిండా ఇంగువే. నేను మెట్ల పైకి, మా తలుపుకేసి చూశాను. ఓమా అర్థం చేసుకుని, తల ఊపి, తలుపు తీసుకుంది. కొంచెంసేపటికి లోపలి నుంచి ఆ తుప్పు పట్టిన తాళంచెవిని తెచ్చింది. బాపమ్మ చీర పేలికను తన తాళంచెవి నుంచి విప్పి, దానికి కట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు. వీధివైపు వేలాడదీయి. అడిగేవాళ్ళు వస్తే ఇచ్చేయి."

"ఓమా," అన్నాను, "దుకాణం ఆవిడ మీ అమ్మకు ఇచ్చిందా? మీ అమ్మే తీసుకుందా?"

ఆమె గుమ్మం పట్టుకుంది. "మా అమ్మ జీవితమంతా ఇచ్చిందనే చెప్పింది. జ్వరంలో నేను చూసింది జరిగిందో, జ్వరమే చూపించిందో నాకు తెలియదు పిల్లా. అప్పుడు నేను నీకంటే చిన్నదాన్ని."

మేము ఆ తర్వాత ఊరు మారాం. ఓమా ఇప్పుడు లేదు, బాపమ్మా లేదు. ఓమా పుట్టిన ఊరు ఇప్పుడు వేరే పేరుతో ఉంది. మట్టి ఇళ్ళు మట్టిలో కలిశాయి. నేను వెళ్ళి చూడగలిగే వయసుకు రాకముందే అక్కడ మళ్ళీ యుద్ధం మొదలైంది. ఆ ప్రాంతంలో ఆ పాత యుద్ధకాలంలో యూదు కుటుంబాలను చంపారని, ఆ పనిలో ఓమా పూర్వీకుల వంటి జర్మన్ రైతుల్లోనూ కొందరు చేతులు కలిపారని చరిత్రకారులు పత్రాలతో నిరూపించారు. దుకాణం వాళ్ళు యూదులేనని ఓమా ఒకసారి అన్నది. వాళ్ళ ఇంటిపేరు ఆమెకు గుర్తులేదు. పేరు లేనిదే ఏ పత్రంలోనూ వెతకలేను.

తాళంచెవిని ప్రయోగశాలలో పరీక్షించవచ్చు. ఇనుము ఎలాంటిదో, తుప్పు ఎంత లోతుకు దిగిందో చెప్పగలను. ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా వచ్చిందో చెప్పే పరీక్ష లేదు. ఇచ్చి ఉంటే కిటికీలో ఎందుకు తగిలించలేదు? తీసుకుని ఉంటే ఇన్ని దేశాలు ఎందుకు మోసింది? భయంతో దాచి ఉండవచ్చు, సిగ్గుతో మోసి ఉండవచ్చు. రెంటికీ రెండు వివరణలూ సరిపోతాయి. తేల్చి చెప్పగలిగిన మనిషి దుకాణం ఆవిడ ఒక్కతే, ఆమెను ఎవరూ అడగలేదు. కాబట్టి ప్రశ్న అలాగే ఉంది.

అది నా వీధివైపు కిటికీలో, వెలిసిన ఆకుపచ్చ పేలికతో వేలాడుతోంది. నా తర్వాత ఎవరైనా చూసి అడిగితే తెలియాలని రాస్తున్నాను: ఇది నా చేతికి ఇచ్చారు, ఇచ్చినప్పుడు నేను అక్కడ ఉన్నాను. దానికి ముందు సంగతి నాకు తెలియదు.